చేవెళ్ల దారిలో తోట క్లాసు: మనవరాలితో నాలుగు ఆదివారాలు

జులైలో నాలుగు ఆదివారాలు మా మనవరాలిని, పిల్లలకి చెట్లూ పురుగులూ చూపించే ఈ తోట క్లాసుకి తీసుకెళ్లాను. పాపకి నాలుగున్నరేళ్లు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అన్నారు. మా బ్యాచిలో పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, ఒక తోటమాలి. నాలుగు వారాలకి కలిపి 2,800 రూపాయలు. హైదరాబాద్ అత్తాపూర్‌లో ఏడున్నరకి బయలుదేరితే అప్పా జంక్షన్, మొయినాబాద్ దాటి ముప్పావు గంటకి కాస్త అటూ ఇటూగా చేరిపోయేవాళ్లం. దారిలో రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లు కనిపించగానే కారు ఆపమని పాప గొడవ. రెండోసారి ఆపాం. ఊడ పట్టుకుని ఊగింది, చేతికి అంటిన మట్టి వాసన చూసుకుంది.

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తణుకు దగ్గర మా బడి వెనకాలే పంట కాలవ ఉండేది. ఒకటో తరగతిలో చేరే పిల్లలకి అక్షరాలు రాకపోయినా తూనీగని ఎలా పట్టాలో తెలిసి ఉండేది. మా పాప పెరిగేది ఐదో అంతస్తులో. అందుకే ఈ క్లాసు గురించి మా అమ్మాయి చెప్పగానే నేనే తీసుకెళ్తానన్నాను. కాబట్టి ఇక్కడ రాసేది అమ్మమ్మగా చూసింది కొంత, టీచరుగా చూసింది కొంత.

మొదటి వారం చాలా బాగా జరిగింది. కరివేపాకు చెట్టు దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి, "ఈ చెట్టు మీద ఎవరో అన్నం తింటున్నారు, ఎవరో వెతకండి" అంది పెద్ద టీచరు. అంతే, ఇంకేం చెప్పలేదు. మొదట ఎవరికీ ఏమీ కనపడలేదు. ఒక బాబు ఆకు మీద పిట్ట రెట్ట ఉందన్నాడు. అది రెట్ట కాదు, నిమ్మ, కరివేపాకు చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల పురుగు. చిన్నప్పుడు అచ్చం రెట్టలాగే తెలుపూ గోధుమ రంగూ కలిసి ఉంటుంది, పిట్టలు తినకుండా. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారిపోతుంది. ఆ కొమ్మ మీదే పెద్దదీ ఉంది. టీచరు గడ్డిపరకతో మెల్లిగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికి వచ్చాయి, ఘాటైన వాసన కొట్టింది. పిల్లలందరూ ఒక్కసారి వెనక్కి జరిగి, మళ్లీ ముందుకి వచ్చారు. ఇరవై ఐదు నిమిషాలు ఆ చెట్టు దగ్గరే గడిచాయి. ఆ వయసు పిల్లలు ఒకే చోట అంతసేపు కూర్చోవడం నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో వేళ్ల మీద లెక్కపెట్టగలను.

ఆ పెద్ద పురుగుని కొమ్మతో సహా దోమతెర కట్టిన బుట్టలో పెట్టారు. రెండో వారానికి అది గూడులా మారి, నడుముకి సన్నటి దారం కట్టుకుని కొమ్మని అంటిపెట్టుకుని ఉంది. మా పాప దాన్ని చూసి "బెల్టు పెట్టుకుంది" అంది.

రెండో వారం గింజలు. గాజు గ్లాసులో తడి దూది పెట్టి, గ్లాసు గోడకి ఆనేలా చిక్కుడు గింజ పెట్టించారు. ఇంటికి తెచ్చుకున్నాం. నాలుగో రోజుకి వేరు వచ్చింది. టీచరు చెప్పినట్టు గ్లాసుని పక్కకి పడుకోబెడితే, మర్నాటికల్లా వేరు కొస మళ్లీ కిందికి వంగింది. పాప గ్లాసుని ఇంకోవైపు తిప్పింది. అది మళ్లీ వంగింది. వారం రోజులు మా ఇంట్లో ఇదే పని. మొలక మొదట కాడ కాదు, వేరు పంపిస్తుందని, ఆ వేరుకి కింద ఏదో పైన ఏదో తెలుసని ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకి అర్థమైంది. ఖర్చు గింజ, దూది. ఈ క్లాసుకి రాలేనివాళ్లు ఇదొక్కటి ఇంట్లో తప్పకుండా చేయండి.

ఆ రోజే నన్ను భయపెట్టిన సంగతి కూడా జరిగింది. రకరకాల గింజలు ఒక పళ్లెంలో పోసి, రంగుల వారీగా వేరు చేయమని పిల్లల ముందు పెట్టారు. చింతపిక్కలు, కుంకుడు గింజలు, సీతాఫలం గింజలు, వాటి మధ్యలో ఎర్రగా మెరుస్తూ గురివింద గింజలు. చూడగానే నా గుండె ఆగినంత పనైంది. సామెతలో వినే గింజే, ఒకప్పుడు కంసాలులు బంగారం తూచిన గింజే. కానీ నమిలి మింగితే ప్రాణం మీదికి తెచ్చే విషం అది. మూడేళ్ల పిల్లల చేయి ముందు నోట్లోకే వెళ్తుంది. నేను చెప్పగానే చిన్న టీచరు క్షణం ఆలోచించకుండా పళ్లెం తీసేసింది. తర్వాతి వారం అడిగితే తోటలో ఉన్న గురివింద తీగ కూడా పీకించేశామన్నారు. తప్పు చెబితే దిద్దుకునే గుణం ఉంది, అది నాకు నచ్చింది. అయినా చిన్నపిల్లల క్లాసు నడిపేవాళ్లకి గురివింద, ఆముదం గింజలు, గన్నేరు, జిల్లేడు పాలు, ఈ నాలుగింటి గురించి మొదటి రోజు నుంచే తెలిసి ఉండాలి. తల్లిదండ్రులూ తెలుసుకోవాలి.

ఇక మూడో వారం. నేను ఒక స్టార్ తగ్గించడానికి కారణం ఇదే.

ఆ ఆదివారం మేం వెళ్లేసరికి బుట్టలో గూడు రంగు మారి ఉంది. పైపొర పలచబడి, లోపల రెక్కల మీద మచ్చలు కనిపిస్తున్నాయి. ఏ నిమిషమైనా సీతాకోకచిలుక బయటికి రావచ్చు. పిల్లలందరూ బుట్ట చుట్టూ మూగారు. కానీ ఆ రోజు టైంటేబుల్‌లో ఆకులకి రంగు పూసి కాగితం మీద అచ్చు వేయడం ఉంది. తొమ్మిదింటికి గంట కొట్టి, పిల్లల్ని వరుసలో నిలబెట్టి షెడ్డులోకి తీసుకెళ్లారు. మా పాప లేవనంది. "తర్వాత చూద్దువు గాని" అని చేయి పట్టుకుని తీసుకెళ్లారు. అరగంట తర్వాత తిరిగొచ్చేసరికి ఖాళీ డొల్ల పక్కన సీతాకోకచిలుక ముడతల రెక్కలు ఆరబెట్టుకుంటోంది. బయటికి రావడం చూసింది తోటమాలి ఒక్కడే. పాప నన్ను అడిగింది, "అమ్మమ్మా, దాన్ని ఎవరు తీశారు?" ఎవరూ తీయలేదు, అదే వచ్చిందన్నాను. నమ్మలేదు. తోటమాలి తాతే డొల్ల పగలగొట్టి తీశాడని ఇంటికి వెళ్లేదాకా అంటూనే ఉంది.

నాకు చాలా బాధ వేసింది. ఆకు అచ్చులు ఏ ఆదివారమైనా వేసుకోవచ్చు. పద్నాలుగు మంది పిల్లలు రెండు వారాలు ఎదురు చూసిన ఆ అరగంట మళ్లీ రాదు. టీచర్ ట్రైనింగులో మాకు ఫ్రోబెల్ గురించి చెప్పేవారు. 1840లో జర్మనీలో ఆయన తన బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు, అంటే పిల్లల తోట. ఆ తోటలో పిల్లలకి నిజంగానే ఎవరి మడి వాళ్లకి ఉండేది. మడిలో మొక్క గంట కొట్టినప్పుడు మొలవదు కదా. ఇదే మాట టీచర్లతో చెప్పాను. తల్లిదండ్రులు ఫొటోలు అడుగుతారని, చేతిలో ఏదో ఒక కాగితం పెట్టి పంపకపోతే ఏం నేర్పారంటారని వాళ్లలో ఒక టీచరు చెప్పింది. అది నిజమే అయి ఉంటుంది. అయితే అందులో మన తప్పూ ఉంది. దయచేసి కాగితాలు అడగకండి.

నాలుగో వారం శంఖుపుష్పాలు నానబెట్టిన నీలి నీళ్లలో నిమ్మరసం పిండితే గులాబీ రంగుకి మారడం చూపించారు. పిల్లలు కేరింతలు కొట్టారు. బాగుంది.

తోటమాలి గురించి రాయకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. టీచర్లు ఎక్కువగా ఇంగ్లీషులో మాట్లాడతారు, లీఫ్, రూట్, బటర్‌ఫ్లై అని. ఆ తాతది పక్క ఊరే. ఆయన మాత్రం నడుస్తూ నడుస్తూ ఇది తంగేడు, ఇది ఉత్తరేణి, ఇది అత్తిపత్తి అని చెప్పుకుంటూ పోతాడు. పాప గొంగళి పురుగు మీదికి చేయి చాపితే "ముట్టకు బిడ్డా, దురద పెడ్తది" అని ఆపి, అదే చేతిలో రోకలిబండ పురుగుని పెట్టాడు. అది చుట్ట చుట్టుకోగానే పాప ఊపిరి బిగబట్టి చూసింది. ఏది ముట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో ఒక్క నిమిషంలో నేర్పాడు. నిర్వాహకులకి నా మనవి ఒకటే: ఆయన్ని కూడా టీచరుగా పరిచయం చేయండి, పిల్లలకి మొక్కల తెలుగు పేర్లు ఆయన చేతే చెప్పించండి.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. పాత నూలు బట్టలు, బూట్లు వేయండి. ఇంకో జత బట్టలు పట్టుకెళ్లండి, వాన పడితే ఎర్రమట్టి వదలదు. బాత్రూంలు శుభ్రంగా ఉన్నాయి, కానీ తోట చివర ఉన్నాయి, పిల్లల్ని ముందే తీసుకెళ్లడం మంచిది. తినడానికి ఉడికించిన పల్లీలు, జామ ముక్కలు ఇస్తారు. పల్లీలు పడని పిల్లలుంటే మొదటి రోజే చెప్పండి. పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ ఉంది, కుర్చీలు తక్కువ.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. దసరా సెలవుల్లో మళ్లీ చేర్పిస్తాం.

చివరి రోజు తోటమాలి ఒక డబ్బాలో రెండు పిల్ల పురుగులున్న కరివేపాకు కొమ్మ పెట్టి ఇచ్చాడు. బాల్కనీలో మా కరివేపాకు కుండీలో వదిలాం. పది రోజుల్లో చెట్టు బోడిగా మిగిలింది, మా అమ్మాయి మార్కెట్లో కరివేపాకు కొనుక్కుంది. ఒకటి ఏమైపోయిందో కనపడలేదు. రెండోది కుండీ పక్క కర్రకి గూడు కట్టుకుంది. ఒక గురువారం పొద్దున ఏడింటికి చూస్తే గూడు నల్లబడి, రెక్కల మచ్చలు కనిపిస్తున్నాయి. పాప యూనిఫాం వేసుకుని, ఒక కాలికి సాక్సుతో నేల మీద కూర్చుంది. స్కూల్ బస్సు వచ్చి హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఎనిమిదింటికి గూడు చీలింది. కాళ్లు ముందు వచ్చాయి, తర్వాత తడి రెక్కలు. "ఎవరూ తీయలేదు అమ్మమ్మా, అదే వచ్చింది" అంది. తర్వాత ఆటోలో బడికి దింపి వచ్చాను.