కోరంగి మడ అడవా, విశాఖ రాళ్ళగట్టా?

సెలవులు దగ్గరపడితే చాలు, తెలిసినవాళ్ళు ఇదే అడుగుతారు: “పిల్లలకు సముద్ర జీవుల్ని దగ్గరగా చూపించాలండీ, కోరంగి తీసుకెళ్ళమంటారా, వైజాగ్‌లో రాళ్ళ దగ్గర చూపిస్తే చాలంటారా?” మా అమ్మాయితో రెండుచోట్లా తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

కోరంగిని తీసిపారేయలేం. కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. చెక్కవంతెన మీద నడుస్తుంటే కింద బురదలోంచి మడచెట్ల వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కదా, అవే చెట్టుకు ముక్కులు. మడ్‌స్కిప్పర్ అనే చేప నీళ్ళొదిలి బురద మీద పాకుతుంది. ఒక డెక్క మాత్రం పెద్దగా ఉన్న మగ పీతలు దాన్ని ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తుంటాయి. కానీ ఇదంతా పాటు వేళే, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే. మేం మొదటిసారి అది చూసుకోకుండా పౌర్ణమినాడు పొద్దున్నే, సరిగ్గా పోటు వేళకు దిగాం. బురదే లేదు, నిండా నీళ్ళు. ఐస్‌క్రీమ్ తిని తిరిగొచ్చాం.

విశాఖలో తెన్నేటి పార్కు కింద, మంగమారిపేట దగ్గర రాళ్ళున్నాయి. నీళ్ళు లాగేశాక గుంటల్లో కొంత మిగిలిపోతుంది. పళ్ళెమంత గుంట పక్కన కదలకుండా పది నిమిషాలు కూర్చోండి. ముందు ఏమీ ఉండదు. తర్వాత నత్తగుల్ల ఒకటి నడవడం మొదలెడుతుంది. లోపల ఉన్నది నత్త కాదు, సన్యాసి పీత. నీడ పడితే చటుక్కున లోపలికి ముడుచుకుంటుంది.

నా ఓటు రాళ్ళకే. కారణం ఒక్కటే, మళ్ళీ మళ్ళీ వెళ్ళొచ్చు. వైజాగ్ నుంచి కోరంగి అంటే రోజంతా ప్రయాణం, ఏడాదికి ఒకసారి. మా అమ్మాయి ఒకే గుంటను నోటుబుక్కులో నాలుగుసార్లు గీసింది. నాలుగోసారి గుంటలోకి ఇసుక చేరి, పువ్వుల్లా ఉండే ఎనిమోన్లనే సముద్ర జీవులు సగం పూడిపోయాయి. “ఇంత ఇసుక ఎక్కణ్ణించి వచ్చింది నాన్నా?” అని తనే అడిగింది. ఒక్కసారే చూసినవాళ్ళకు ఆ ప్రశ్న రాదు.

ఒక చిక్కుంది. పాటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం రాళ్ళు బయటపడితే, వచ్చే ఆదివారం అదే వేళకు మునిగి ఉంటాయి. కాబట్టి ఆదివారం విడిచి ఆదివారం పెట్టుకోండి. అమావాస్య, పౌర్ణముల దగ్గర పాటు వేళ నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. పాటుకు గంట ముందే చేరి, నీళ్ళు తిరగ్గానే లేచి వచ్చేయండి. నాచు మీద హవాయి చెప్పులు పనికిరావు, బూట్లే. గుల్లలు ఏరుకురావద్దు, అవి సన్యాసి పీతల ఇళ్ళు.

రుషికొండలో స్కూబా డైవింగ్ పెద్దపిల్లలకు సరదానే, ఖర్చు మాత్రం ఎక్కువ. బీచ్ రోడ్డులోని అక్వేరియం మత్స్యదర్శిని వానాకాలం సాయంత్రాలకు సరిపోతుంది.

కాకినాడ వాళ్ళు మాత్రం నా మాట వినక్కర్లేదు. మడ అడవి పక్కనే పెట్టుకుని రాళ్ళకోసం ఇంతదూరం రావడం దేనికి?