నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట ముట్టడి కథ చెప్పాలంటే ఆడియోనా, వీడియోనా?

సైనిక చరిత్ర చెప్పడాన్నే వృత్తిగా పెట్టుకుందామనుకునే నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇదే.

ఖర్చు: ఆడియోకు మంచి మైకు, తలుపులేసుకున్న గది చాలు. వీడియోకు కెమెరా, ట్రైపాడ్, ఎడిటింగ్‌కు తట్టుకునే కంప్యూటర్. డ్రోన్ వాడితే దాని రిజిస్ట్రేషన్ కూడా.

శ్రమ: చదువు రెండింటికీ ఒకటే. 1513లో కృష్ణదేవరాయలు ముట్టడించాడు, 1514లో ఒడిశా గజపతి రాజుల చేతిలో ఉన్న ఆ కోట లొంగింది. ఈ రెండు ముక్కలకైనా 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలూ తిరగెయ్యాల్సిందే. తేడా ఆ తర్వాతే. ఇరవై నిమిషాల ఆడియోకు దాదాపు రెండు వేల మాటల స్క్రిప్టుతో పని తీరుతుంది. వీడియోకైతే ప్రతి వాక్యానికీ బొమ్మ వెతకాలి.

పొరపాటు: ఆడియోలో తేదీ తప్పితే ఆ వాక్యం మళ్లీ చదివి అతికిస్తే సరి. కొండమీద తీసిన షాటులో గాలి హోరు కలిసిందా, మళ్లీ కొండెక్కాలి. మైకుకు బొచ్చు తొడుగు మరవొద్దు. ఇంకో కోట బొమ్మ పెట్టి ఉదయగిరి అంటే అక్కడివాళ్లు ఇట్టే పట్టేస్తారు, ఊరికే వదలరు కూడా.

ముట్టడిలో తిండిగింజలు, నీళ్లు లోపలికి అందకుండా చెయ్యడం లాంటివి మాటతోనే పండుతాయి. ఆ కొండ ఎందుకంత తొందరగా లొంగలేదో మాత్రం చూపించాలి.

ఉద్యోగం చేసుకుంటూ వారానికొకటి చెయ్యాలంటే ఆడియో. కెమెరా పట్టే తోడుండి, కోట దగ్గరైతే వీడియో, నెలకొకటి చాలు.