గీతా సూపర్‌సైట్ సమీక్ష: మనం పట్టుకున్న సూత్రం గీత చెప్పిందేనా?

గీతలో ఒక శ్లోకం నచ్చితే దాన్ని జీవితానికి నియమంగా పెట్టేసుకోవడం తేలిక. ఆ నియమం గీత చెప్పిందా, లేక ముందే మన మనసులో ఉన్నమాటను గీత చేత అనిపించుకున్నామా అన్నది తేల్చుకోవడం కష్టం. ఐఐటీ కాన్పూర్ నడిపే గీతా సూపర్‌సైట్ ఈ తేల్చుకునే పనికి చాలా బాగా పనికొస్తుంది. మొదటిసారి గీత చదవడానికి మాత్రం పనికిరాదు. ఈ రెండు విషయాలూ తెలిసి తెరిస్తే, ఉచితంగా దొరికే సాధనాల్లో ఇంత విలువైనది అరుదు.

పని చేసే తీరు సులువే. లిపి, అధ్యాయం, శ్లోకం ఎంచుకుంటే మూలం కనిపిస్తుంది. లిపుల జాబితాలో తెలుగు ఉంది. వ్యాఖ్యానాల పేర్ల దగ్గర టిక్కు పెట్టిన కొద్దీ ఆ శ్లోకం మీద ఎవరేమన్నారో ఒకే పేజీలోకి వస్తుంది. సంస్కృతంలో శంకరులు, రామానుజులు, మధ్వులు, అభినవగుప్తుడు, శ్రీధరస్వామి, మధుసూదన సరస్వతి ఉన్నారు. శంకరభాష్యానికి హరికృష్ణదాస్ గోయందకా హిందీ అనువాదం, గంభీరానంద ఇంగ్లీషు అనువాదం ఉన్నాయి. రామానుజభాష్యానికి ఆదిదేవానంద ఇంగ్లీషు ఉంది. అచ్చులో ఇవన్నీ బల్లమీద పరచుకుంటే చోటు చాలదు.

తెలుగువాళ్లకు పెద్ద లోటు ఒకటుంది. మూలం తెలుగు లిపిలో వస్తుంది గానీ తాత్పర్యం తెలుగులో రాదు. కాబట్టి ప్రతిపదార్థంతో ఉన్న తెలుగు గీత ఏదో ఒకటి పక్కన ఉండి తీరాలి. ఇంగ్లీషు చదవగలిగితే శివానంద వ్యాఖ్యను టిక్కు పెట్టండి. దాని మొదట్లో పదాలకు విడివిడిగా అర్థాలుంటాయి, సంధులు విడదీసుకునే శ్రమ తగ్గుతుంది. పురోహిత్ స్వామి అనువాదం హాయిగా సాగుతుంది కానీ మూలపదాలకు కాస్త దూరంగా నడుస్తుంది. భావం అందుకోవడానికి చదవచ్చు, సూత్రం రాసుకోవడానికి దాని మీద ఆధారపడకూడదు.

అసలు చిక్కు దీని అమరికలోనే ఉంది. శ్లోకం శ్లోకంగా చూపించడం వల్ల ముందూ వెనకా తెగిపోతాయి. మూడో అధ్యాయం 33వ శ్లోకం తెరవండి. జ్ఞాని కూడా తన ప్రకృతికి తగినట్టే నడుచుకుంటాడు, ప్రాణులన్నీ ప్రకృతినే అనుసరిస్తాయి, నిగ్రహం ఏం చేస్తుంది అంటుంది. అక్కడే ఆగినవాళ్లు ‘నా స్వభావం ఇంతే, మార్చుకోవడం నా వల్ల కాదు’ అని రాసుకుంటారు. పక్క శ్లోకమే ‘తయోర్న వశమాగచ్ఛేత్’, రాగద్వేషాలకు లొంగవద్దు అంటోంది. లొంగకుండా ఉండటం సాధ్యం కాకపోతే ఆ మాటకు అర్థమే లేదు. అందరూ ప్రకృతి ప్రకారమే నడిస్తే ఇక పురుషప్రయత్నానికి చోటెక్కడ, శాస్త్రం ఎందుకు అన్న ప్రశ్నను శంకరులే లేవనెత్తి, దానికి సమాధానంగా 34ను చూపిస్తారు. 33, 34 భాష్యాలు కలిపి చదివితేనే ఇది కనిపిస్తుంది.

రెండో అధ్యాయంలో 62, 63 కూడా ఇలాంటివే. విషయాల (ఇంద్రియాలను లాగే వస్తువుల) మీద ధ్యాస, దాని నుంచి సంగం (తగులుకోవడం), కామం, క్రోధం, సమ్మోహం, స్మృతిభ్రంశం, బుద్ధినాశం, చివరికి పతనం. గొలుసు చాలా స్పష్టంగా ఉండటంతో జనం 63 దగ్గర పుస్తకం మూసి ‘విషయాలకు దూరంగా పారిపోవాలి’ అని తేల్చేస్తారు. 64 మాత్రం రాగద్వేషాలు లేని, వశంలో ఉన్న ఇంద్రియాలతో విషయాల మధ్య తిరుగుతూనే ప్రసాదం, అంటే మనసు తేటదనం, పొందేవాడి గురించి చెబుతుంది. సూత్రం పారిపోవడం నుంచి పట్టు సాధించడానికి మారిపోయింది. అందుకే ఏ శ్లోకం తీసుకున్నా అటు మూడు, ఇటు మూడు తెరవకుండా వాక్యం రాయకండి.

మొదలుపెట్టడానికి పదిహేడో అధ్యాయం మంచిది. 28 శ్లోకాలే, ఆహారం, తపస్సు, దానం లాంటి ఆచరణ విషయాలు. ముందు తెలుగు పుస్తకంలో అధ్యాయం మొత్తం ఒక్క బిగిన చదవాలి, సైటు తెరవకూడదు. తర్వాత ఒక శ్లోకం ఎంచుకుని కాగితం మీద మూడు సంగతులు రాయాలి: ఇది ఏ ప్రశ్నకు జవాబు, ఇది ఇలా చేయమన్న విధా లేక ఉన్నదాని వర్ణనా, దీనికి ఫలితం చెప్పారా. ఈ అధ్యాయంలో ప్రశ్న మొదటి శ్లోకంలోనే ఉంది. శాస్త్రవిధిని విడిచినా శ్రద్ధతో యజించేవాళ్ల నిష్ఠ ఎలాంటిదని అర్జునుడు అడుగుతాడు. ఇది గుర్తుంటే తర్వాతి విభాగాలన్నీ శ్రద్ధలో తేడాల వివరణగా కనిపిస్తాయి, ఎదుటివాళ్ల తిండిని, పూజను తూకం వేయడానికి ఇచ్చిన జాబితాలుగా కనిపించవు.

ఇప్పుడు 15వ శ్లోకం. ‘అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్’. ఎదుటివారిని కలతపెట్టనిది, నిజమైనది, ప్రియమైనది, హితమైనది. చాలామంది ఈ నాలుగింటిలో తమకు అలవాటైన ఒకదాన్ని పట్టుకుంటారు. నిక్కచ్చిగా మాట్లాడేవాళ్లకు సత్యం చాలు, మొహమాటస్తులకు ప్రియం చాలు. ఇక్కడ శంకరభాష్యం టిక్కు పెట్టండి. నాలుగూ కలిసి ఉంటేనే వాక్‌తపస్సు, ఒకటో రెండో మూడో లోపించినా అది తపస్సు కాదని ఆయన స్పష్టంగా రాశారు. ‘నాయనా, శాంతంగా ఉండు, స్వాధ్యాయం, యోగం చెయ్యి, నీకు మేలు కలుగుతుంది’ అన్న తరహా మాటను ఉదాహరణగా ఇచ్చారు. శ్లోకం రెండో సగం స్వాధ్యాయాన్ని (శాస్త్రాల పఠనాన్ని) కూడా వాక్‌తపస్సులోనే చేర్చింది, గ్రంథాలు చదువుకునేవాళ్లు దీన్ని దాటిపోకూడదు. ఇప్పుడు సూత్రాన్ని ప్రశ్నగా మార్చండి: నేను పంపబోయే ఈ సందేశంలో నాలుగింటిలో ఏది లేదు? వారం రోజులు ఈ ఒక్క ప్రశ్నే వాడండి. ఒకేసారి పది సూత్రాలు పెట్టుకుంటే ఏదీ నిలబడదు.

వ్యాఖ్యానాలు అన్నీ ఒకేసారి తెరవడం రెండో పొరపాటు. పేజీ అంతులేకుండా సాగిపోతుంది, మొదటి శ్లోకం దగ్గరే ఓపిక అయిపోతుంది. రెండు చాలు, అవి వేర్వేరు సంప్రదాయాలవి కావాలి. 18.66లో (అధ్యాయం 18, శ్లోకం 66) ‘సర్వధర్మాన్ పరిత్యజ్య’ (ధర్మాలన్నీ విడిచి) అన్నదాన్ని శంకరులు సర్వకర్మసంన్యాసంగా, అంటే కర్మలన్నీ విడిచిపెట్టడంగా చెప్పారు. రామానుజులు కర్మ, జ్ఞాన, భక్తియోగాలను చేస్తూనే వాటి ఫలాన్ని, కర్తృత్వభావాన్ని విడవడంగా చెప్పారు, మరో అన్వయం కూడా ఇచ్చారు. ఈ తేడా చూశాక ‘బాధ్యతలు వదిలేయమని కృష్ణుడే అన్నాడు’ అని ఎవరూ తేలిగ్గా అనలేరు. ఇద్దరూ కలిసే చోట దొరికిన సూత్రాన్ని ధైర్యంగా ఆచరణలో పెట్టొచ్చు. విడిపోయే చోట మీ గురువును, మీ సంప్రదాయాన్ని అడగాలి. ఆ పని ఏ సైటూ చేయదు.

వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు తాత్పర్యం తేల్చడానికి చెప్పిన ఆరు గుర్తుల్లో ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం ముఖ్యమైనవి. అంటే మొదలూ ముగింపూ ఏమంటున్నాయి, ఏది పదేపదే వస్తోంది అని చూడటం. ఒక్కో శ్లోకమే చూపే పేజీలో ఇది మీరే చేతితో చేసుకోవాలి. ‘శ్రేయాన్ స్వధర్మో విగుణః’ (లోపాలున్నా తన ధర్మమే మేలు) అన్న మొదటి సగం 3.35లోనూ 18.47లోనూ ఒక్కటే. రెండో సగం మాత్రం ఒకచోట పరధర్మం భయావహమంటుంది, మరోచోట స్వభావాన్ని బట్టి ఏర్పడిన కర్మ చేసేవాడికి పాపం అంటదంటుంది. ఈ రెండూ పక్కపక్కన రాసుకుంటేనే సూత్రం పూర్తవుతుంది. 9.34, 18.65 కూడా ఇలా జతగా చదవాల్సినవే. అలాగే 2.7లో ధర్మం తోచక అడిగిన అర్జునుడు 18.73లో ఏమన్నాడో చూడకుండా మధ్యలో దేన్నీ తుదిమాటగా తీసుకోకూడదు.

సంఖ్యల దగ్గర ఒక జాగ్రత్త. పదమూడో అధ్యాయం మొదట్లో అర్జునుడి ప్రశ్నను కొన్ని ప్రతులు చేర్చుకుంటాయి, కొన్ని చేర్చుకోవు. అందుకే ఆ అధ్యాయంలో 34 శ్లోకాలని ఒకరు, 35 అని ఒకరు అంటారు, మొత్తం 700 కాస్తా 701 అవుతుంది. ‘అమానిత్వమదంభిత్వం’ ఒక పుస్తకంలో 7వది, మరోదానిలో 8వది. సైటులో వెతికేటప్పుడు మీ పుస్తకంలోని శ్లోకం కనిపించకపోతే ఒక అంకె అటూ ఇటూ చూడండి, నోటు పుస్తకంలో సంఖ్యతో పాటు శ్లోకం మొదటి పదం కూడా రాసుకోండి.