ఓపెన్ ఎల్‌డాప్ 2.6: లాగిన్లకు సై, మార్పులకు నసుగుడు

ఓపెన్ ఎల్‌డాప్ అంటే అందరి అకౌంట్లు, పాస్‌వర్డులు, గ్రూపులు ఒకేచోట దాచిపెట్టే ఉచిత డైరెక్టరీ సర్వర్. అది పెట్టుకోమంటారా అని అడిగినవాళ్ళని నేను ముందు ఒకటే అడుగుతాను. మీ దగ్గర అకౌంట్లు చదివే పని ఎక్కువా, మార్చే పని ఎక్కువా? చదివే పనే ఎక్కువైతే కళ్ళు మూసుకుని పెట్టుకోండి. రోజూ ఏదో ఒకటి మార్చే ఆఫీసైతే మాత్రం కింద రాసింది చదివి దిగండి.

నేను గుంటూరు పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటాను. ల్యాబ్ కంప్యూటర్లు, మెయిల్, లైబ్రరీ, ఆన్‌లైన్ పాఠాల మూడుల్ అన్నిటికీ పిల్లలకు ఒకటే పాస్‌వర్డు. దాని వెనక ఉన్నది ఈ సర్వరే. పొద్దున ల్యాబులు మొదలవగానే అందరూ ఒకేసారి లాగిన్ కొడతారు. ఒక్కో లాగిన్ ఒక్క ప్రశ్నతో తేలదు. ఈ రోల్ నంబరు ఎవరిది, ఏ గ్రూపుల్లో ఉన్నాడు, పాస్‌వర్డు సరైనదేనా అని సర్వర్‌ను నాలుగైదు సార్లు కదుపుతుంది. అంత రద్దీలో, ఏ ప్రోగ్రామ్ ఎంత బరువు మోస్తోందో చూపే టాప్ ఆదేశం కొట్టి చూసినా స్లాప్‌డీ (ఓపెన్ ఎల్‌డాప్ సర్వర్ ప్రోగ్రామ్ పేరు) పై వరసల్లో కనిపించదు. అదీ పాత హార్డ్‌వేర్ మీద.

ఇది కింద వాడే ఎల్ఎండీబీ డేటాబేస్ పుణ్యం. 2011లో ఓపెన్ ఎల్‌డాప్ ముఖ్య రూపకర్త హోవర్డ్ చూ దీన్ని ఓపెన్ ఎల్‌డాప్ కోసమే రాశాడు. డేటా ఫైలు మొత్తాన్ని మెమరీలోకి మ్యాప్ చేసుకుంటుంది. చదివేవాళ్ళు లాక్ తీసుకోరు. ఎవరైనా ఒక పేజీని (డేటాలో ఒక ముక్కని) మారుస్తుంటే పాత పేజీ అలాగే ఉంటుంది, కొత్త కాపీ పక్కన తయారవుతుంది. చదివేవాడికి పాతది, తర్వాత వచ్చినవాడికి కొత్తది. ఒకరి కోసం ఒకరు ఆగే పని లేదు. అంతకుముందు బర్క్‌లీ డీబీ అనే డేటాబేస్ మీద నడిపినవాళ్ళకు ఆ బాధలు గుర్తుండే ఉంటాయి. మూడు రకాల క్యాష్‌లు (తాత్కాలికంగా దాచే మెమరీలు) లెక్క కట్టి పెట్టాలి, కరెంటు పోయి వస్తే రికవరీ నడపాలి. 2021లో వచ్చిన 2.5 వెర్షన్‌తో బర్క్‌లీ డీబీని ఎత్తేశారు. పీడ విరగడైంది.

అసలు ధర చెల్లించేది మార్పుల దగ్గర. ఎల్ఎండీబీలో ఒక సమయానికి రాసేవాడు ఒక్కడే. ఒక్కో మార్పూ డిస్క్ మీద ఖరారయ్యాకే తర్వాతి దాని వంతు. ఎస్ఎస్‌డీ ఉంటే తెలియదు కానీ, పాత హార్డ్‌డిస్క్ మీద అయితే కొత్త బ్యాచ్‌ను ఎక్కించేటప్పుడు టీ తాగి రావచ్చు. సర్వర్ ఆపేసి, రికార్డులను గుంపుగా ఎక్కించే స్లాప్‌యాడ్‌ను క్విక్ మోడ్‌లో నడిపితే నిమిషాల మీద అయిపోతుంది. కానీ ఆపడానికి వీలెక్కడిది? మా దగ్గర అడ్మిషన్లు ఒక్కసారిగా రావు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఒక విడత, తర్వాత ఇంకో విడత, మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్లు, సెకండియర్లోకి లేటరల్ ఎంట్రీ. ఇవన్నీ అయ్యేలోపు సెక్షన్లు మార్చమని హెచ్ఓడీల మెయిళ్ళు.

ఇంకో సంగతి. డేటాబేస్ ఎంతవరకు పెరగొచ్చో మనమే చెప్పాలి. చెప్పకపోతే డిఫాల్ట్ 10 ఎంబీ! ఈ రోజుల్లో ఒక ఫొటోకే చాలని సైజు. అది నిండినా లాగిన్లు మామూలుగానే నడుస్తాయి, కొత్తగా రాయడం మాత్రం ఆగిపోతుంది. అంటే సర్వర్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, పాస్‌వర్డ్ మార్చుకోబోయిన పిల్లాడికే తెలుస్తుంది. పెట్టిన రోజే కొన్ని జీబీలు ఇచ్చేయండి.

ఇండెక్సుల దగ్గర, అంటే వెతుకులాట త్వరగా తేలడానికి పక్కన పెట్టుకునే జాబితాల దగ్గర, చాలామంది పొరపడతారు. జేఎన్‌టీయూ రోల్ నంబర్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. పది అక్షరాలు: ముందు చేరిన సంవత్సరం, తర్వాత కాలేజీ కోడ్, రెగ్యులర్‌కి 1ఏ, లేటరల్‌కి 5ఏ, సీఎస్ఈకి 05, చివర వరస నంబరు. పూర్తి నంబరుతో వెతకడానికి ఈక్వాలిటీ ఇండెక్స్ పెడితే ఒక్కో రికార్డుకు ఒక్క కీ (ఆ జాబితాలో ఒక పద్దు) రాస్తే సరి. మధ్యలో ముక్కతో వెతకాలని సబ్‌స్ట్రింగ్ ఇండెక్స్ కూడా పెట్టారా, డిఫాల్ట్ సెట్టింగుల్లో అదే పదక్షరాలకు ఇంకో పదమూడు కీలు. మొదటి నుంచి మూడు, చివరి నుంచి మూడు, మధ్యలో నాలుగేసి అక్షరాల ముక్కలు ఏడు. ఒక్క పిల్లాడిని చేర్చిన ప్రతిసారీ ఇవన్నీ రాయాలి. ఇంత చేసినా, మధ్యలో వెతికే ముక్కకు కనీసం నాలుగక్షరాలు ఉంటేనే ఆ ఇండెక్స్ పనికొస్తుంది. మాకు అంటగట్టిన ఒక హాజరు సాఫ్ట్‌వేర్ ‘ఏ05’ అని మూడక్షరాలతో వెతుకుతుంది. ఇండెక్స్ ఉన్నా లేనట్టే, డైరెక్టరీ మొత్తం తిరగేయాల్సిందే. బ్రాంచిని వేరే ఫీల్డులో పెట్టి దానికి ఈక్వాలిటీ ఇండెక్స్ ఇస్తే ఈ గోలే ఉండదని వాళ్ళకి రాశాను. తర్వాతి వెర్షన్లో చూస్తామన్నారు. ఏ ఫీల్డుకు ఇండెక్స్ కావాలో ఊహించి పెట్టకండి. ఫలానా ఫీల్డుకు ఇండెక్స్ లేదని లాగ్‌లో సర్వరే చెబుతుంది, అది పదే పదే కనిపిస్తే అప్పుడు పెట్టండి.

ఇక సెట్టింగుల మార్పు. ఒకప్పుడు స్లాప్‌డీ కాన్ఫ్ ఫైలు దిద్ది సర్వర్‌ను రీస్టార్ట్ చేసేవాళ్ళం. అది ఇంకా పనిచేస్తుంది కానీ, ఇప్పుడు సిఫారసు చేసే పద్ధతిలో సెట్టింగులు కూడా డైరెక్టరీలోనే రికార్డులు, ఎల్‌డాప్‌మాడిఫై అనే ఆదేశంతో మార్చాలి. వాటి ఫైళ్ళు తెరిస్తే పైనే ‘ముట్టుకోవద్దు’ అని రాసి ఉంటుంది, చేత్తో దిద్దితే పట్టించే చెక్‌సమ్ కూడా ఉంటుంది. రీస్టార్ట్ లేకుండా మార్చుకోవడం గొప్పే. అయితే ఆ మార్పు అమలయ్యేటప్పుడు సర్వర్ తన లోపల పని చేసే అన్ని థ్రెడ్లనూ నిలబెడుతుంది. అప్పటికే నడుస్తున్న సెర్చ్‌లు అయ్యేదాకా ఆగుతుంది, కొత్తగా వచ్చినవన్నీ క్యూలో ఉంటాయి. అన్నీ సద్దుమణిగాక సెట్టింగ్ మార్చి మళ్ళీ వదులుతుంది. అంటే మనం మార్చింది యాక్సెస్ రూల్లో ఒక్క లైనే అయినా, సరిగ్గా అప్పుడే ఎవరో డైరెక్టరీ అంతా తిరగేస్తుంటే లాగిన్ కొట్టినవాళ్ళంతా ఆ సెర్చ్ ముగిసేదాకా తెర వంక చూస్తూ కూర్చోవాలి. చదివేవాళ్ళు ఎవరికోసమూ ఆగరన్న గొప్ప ఈ ఒక్కచోట పనిచేయదు. మా రికార్డులు వేలల్లోనే కనుక ఇది కన్ను మూసి తెరిచేంత ఆలస్యం. లక్షల్లో ఉన్నవాళ్ళు మాత్రం పట్టపగలు కాన్ఫిగ్ జోలికి పోకండి.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది చదివే పనిలా కనిపిస్తూ రాసే పని చేసేవి. పాస్‌వర్డ్ పాలసీ ఆన్ చేస్తే, తప్పు పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ ఆ టైము రికార్డులో రాస్తుంది. పిల్లాడు పాస్‌వర్డ్ మార్చుకుంటాడు, జేబులో ఫోన్లో మెయిల్ యాప్‌కి ఆ సంగతి తెలియదు. పాత పాస్‌వర్డ్‌తో కొడుతూనే ఉంటుంది, సర్వర్ రాస్తూనే ఉంటుంది. చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యాడో రాసి పెట్టే సదుపాయం కూడా ఇంతే, డిఫాల్ట్‌గా ప్రతి లాగిన్‌కీ ఒక మార్పు. తన సొంత డైరెక్టరీ సర్వర్ అయిన యాక్టివ్ డైరెక్టరీలో మైక్రోసాఫ్ట్ ఇందుకే చివరి లాగిన్ టైమును ప్రతిసారీ మిగతా సర్వర్లకు పంపదు. డిఫాల్ట్‌గా పద్నాలుగు రోజుల గడువు పెట్టుకుని, దాని చుట్టుపక్కల ఒకసారి పంపుతుంది. ఆడిటర్లు అడిగితే తప్ప ఓపెన్ ఎల్‌డాప్‌లో ఈ చివరి లాగిన్ సదుపాయాన్ని ఆన్ చేయకండి.

గ్రూపుల దగ్గరా ఇదే బేరం. ఎవరు ఏ గ్రూపుల్లో ఉన్నారో వాళ్ళ రికార్డులోనే రాసే మెంబర్‌ఆఫ్ ఓవర్‌లే (సర్వర్‌కు తగిలించే అదనపు భాగం) పెడితే, గ్రూపులో ఒకరిని చేర్చగానే ఆ మనిషి రికార్డును కూడా మారుస్తుంది. చదవడం సులువు, మార్చడం బరువు. 2.5 నుంచి డైన్‌లిస్ట్ ఓవర్‌లేతో అదే సమాచారాన్ని అడిగినప్పుడు లెక్కకట్టి ఇవ్వొచ్చు. అప్పుడు మార్చడం సులువు, చదవడం బరువు. సెక్షన్లు తరచూ మారే మాకు డైన్‌లిస్టే నయమనిపించింది. స్టాఫ్ గ్రూపులు ఏడాదికోసారి మారే చోట మెంబర్‌ఆఫ్ ఉన్నా పోయేదేం లేదు.

డబ్బు ఖర్చు లేదు. మ్యాన్ పేజీలు (దీంతో వచ్చే వివరణ పేజీలు) బాగా రాశారు కానీ తెలిసినవాళ్ళకే తెలుస్తాయి. మౌస్‌తో నొక్కే స్క్రీన్ కావాలంటే దీంతో పాటు రాదు, వేరేగా తెచ్చుకోవాలి. రెండో సర్వర్ పెట్టేవాళ్ళు, మార్పులను దానికి పంపే డెల్టా సింక్‌రెప్ల్ పద్ధతిని మాత్రం మర్చిపోకండి. అది లేకపోతే వెయ్యి మంది ఉన్న గ్రూపులో ఒక్క పేరు మారినా వెయ్యి పేర్ల రికార్డూ మళ్ళీ అవతలికి వెళుతుంది. అదుంటే మారిన ఆ ఒక్క పేరే వెళుతుంది.