పెరట్లో పెంచుకోవడానికి ఏది మేలు: మరకా, విత్తులు నొక్కించిన పోతా?

హనుమకొండ, కాజీపేట వైపు కాస్త పెరడున్న ఇళ్లలో మేకను అమ్మకానికి కాకుండా కేవలం మచ్చికగా పెంచుకోదలచిన వారు ముందుగా తేల్చుకోవలసింది, మరకను, అంటే ఇంకా ఈనని ఆడమేకను తెచ్చుకోవాలా, లేక పోతుపిల్లను, అంటే మగపిల్లను తెచ్చి విత్తులు నొక్కించి (వృషణాలు పనిచేయకుండా చేయించి) పెంచుకోవాలా అన్నదే. విత్తులున్న పోతును ఈ పోలికలోకి తేవడం లేదు. మదమెక్కిన కాలంలో అది తన ముఖం మీద, ముంగాళ్ల మీద తానే మూత్రం పోసుకుంటుంది. దాని కంపు గోడ అవతలి ఇంటిదాకా పోతుంది. ఏది తెచ్చినా రెండింటిని తేవాలి. మేక మందలో బతికే జీవం కనుక ఒంటరిగా కట్టేస్తే రోజంతా అరుస్తుంది, మేత కూడా సరిగా ముట్టదు.

మరక నెమ్మదైనది, పిల్లలకు తొందరగా మాలిమి అవుతుంది. అయితే ఈడుకు వచ్చాక సుమారు 21 రోజులకొకసారి ఎదకు వచ్చి, ఒకటి రెండు రోజులు తోక ఆడిస్తూ ఆగకుండా అరుస్తుంది. పాలు కావాలంటే పోతుతో కట్టించాలి (దాటించాలి), 5 నెలలు మోశాక ఈనుతుంది, తరచుగా రెండేసి పిల్లలను పెడుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పుట్టిన వాటిలో పోతుపిల్లలు ఉంటే వాటిని ఎక్కడికి పంపాలి? మన వైపు దసరాకో, మేడారం జాతరకో, ఇంట్లో శుభకార్యానికో యాట కోసం అడిగేవారు వాకిట్లోకే వస్తారు. మచ్చిక కోసం మొదలుపెట్టిన పెంపకం ఏడాది తిరిగేసరికి కోతకు అమ్మడం దగ్గరికి చేరుతుంది. అలా అమ్మడానికి మనసొప్పని ఇంటివారు మరకను కట్టించకూడదు. కట్టించకపోతే పాలూ ఉండవు.

విత్తులు నొక్కించిన పోతుకు వాసన ఉండదు, కుమ్ములాట తగ్గుతుంది, సంతానం గొడవ లేదు. బాగా చూసుకుంటే పది పన్నెండేళ్లు తోడుంటుంది. కానీ దానికి ఒక పెద్ద గండం ఉంది: మూత్రంలో రాళ్లు. పోతుల మూత్రనాళం ముందే సన్నం, మరీ లేత వయసులో విత్తులు నొక్కిస్తే అది ఇంకా సన్నగా ఉండిపోతుంది. అందుకే కనీసం 3 నెలలు దాటేదాకా ఆగి, పశువుల దవాఖానలో డాక్టరు చేతనే నొక్కించాలి. రెండో కారణం మన వంటింట్లోనే ఉంది. వరి పండే ప్రాంతం కావడంతో తవుడు, నూకలు, మిగిలిన అన్నం ప్రేమగా పెట్టడం మనకు అలవాటు. తవుడులో, గింజల్లో భాస్వరం ఎక్కువ, సున్నం (కాల్షియం) తక్కువ. ఆ తేడాయే రాయిగా గట్టిపడుతుంది. అన్నం ఎక్కువైతే కడుపులో పులిసి, అదొక్కటే ప్రాణం తీయగలదు. రాయి ఏర్పడుతున్న పోతుకు మూత్రం వచ్చే చోటి వెంట్రుకల చివర ఉప్పు రవ్వల్లాంటి గరుకు తగులుతుంది. నాళం మూసుకుపోయాక అది నిలబడి ముక్కుతుంది, తోక కొట్టుకుంటుంది, చుక్క చుక్కగా తప్ప పోయదు. ఆ రోజే దవాఖానకు తీసుకుపోవాలి, మరుసటి రోజుకు వాయిదా వేయకూడదు.

తక్కిన పోషణలో రెండింటికీ తేడా లేదు. పచ్చగడ్డి, తుమ్మ, సుబాబుల్, అవిశ కొమ్మలు, కంది పొట్టు, ఎప్పుడూ మంచినీళ్లు, నాకడానికి ఉప్పుగడ్డ సరిపోతాయి. గన్నేరు మాత్రం పెరట్లో ఉండనే కూడదు, దాని ఆకు విషం. వానాకాలానికి ముందు చిటుక రోగం (ఉన్నట్టుండి చంపే పేగు జబ్బు) టీకా, డాక్టరు చెప్పిన వేళకు పారుడు రోగం (జ్వరం, విరేచనాలతో వచ్చే అంటువ్యాధి) టీకా, నట్టల మందు తప్పించకూడదు.

పాల మీద ఆశ లేని ఇంటికి విత్తులు నొక్కించిన ఒకే ఈడు పోతులు రెండే మేలని నా అభిప్రాయం. అయితే తవుడు పెట్టకుండా చేయి ఆపుకోగలిగిన ఇంటికే. ఇంట్లో పెద్దవాళ్లు కాస్త తవుడు పెట్టకుండా ఉండలేరనుకుంటే రెండు మరకలను తెచ్చుకుని, కట్టించకుండా పెంచుకోవడమే క్షేమం, ఎందుకంటే వాటి మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉండి రాయి అడ్డుపడడం చాలా అరుదు. ఏవైనా సరే, సంతలో కన్నా మంద కాసే వారి దగ్గరే, తల్లి పాలు మరిచి ఆకు మేస్తున్న పిల్లలను చూసి తీసుకోవాలి.