మెక్‌చెయిన్ బైబిల్ పట్టిక: కొన్నేళ్లు వాడాక

ఏడాదిలో బైబిలంతా చదివించే పట్టికలు డిసెంబరు నెలాఖరుకి మన ఇళ్లలో ఎలాగూ పోగవుతాయి. వాగ్దాన కార్డుతో ఒకటి, క్యాలెండరు వెనక ఒకటి, బంధువులు పంపిన పీడీఎఫ్ ఇంకొకటి. కాబట్టి పట్టిక అంటే ఏమిటో చెప్పే పని పెట్టుకోను. నేను వాడుతున్నది స్కాట్లాండ్ పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌చెయిన్ గారు తయారుచేసినది. అందులో నాకు నచ్చింది ఒక్కటే, కానీ బాగా నచ్చింది: పొద్దున్నే బైబిలు ముందు కూర్చున్నాక “ఈరోజు ఏం చదవాలి?” అన్న ప్రశ్నే ఉండదు.

ఇదేం గొప్ప అనిపించవచ్చు. ఉద్యోగం, వంట, పిల్లల క్యారేజీలు ఉన్న ఇంట్లో తెల్లవారుజామున దొరికే అరగంట ఎలా కరిగిపోతుందో తెలిసినవాళ్లకి గొప్పే. పట్టిక రాకముందు కీర్తనలు తీసేదాన్ని. ఇది మొన్ననే చదివాం కదా అని యెషయాకి వెళ్లేదాన్ని. అక్కడ రెండు వచనాలు చదివేసరికి ఆదివారం విన్న వాక్యం ఏదో గుర్తొచ్చేది, దాన్ని వెతకడానికి ఫోను తీసేదాన్ని. ఫోను తీశాక ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. గుడ్ మార్నింగ్ మెసేజీలు, ఎవరిదో పెళ్లిరోజు ఫొటోలు, ఆపైన ఒక రీలు. కుక్కరు మూడో విజిల్ వేసేసరికి ప్రార్థనకి మిగిలేది రెండు నిమిషాలు. ఇప్పుడు ఆ వెతుకులాట లేదు. తేదీ చూస్తాను, తీస్తాను, చదువుతాను.

మెక్‌చెయిన్ గారికీ ఈ సంగతి తెలుసు. 1842 చివర్లో, రాబోయే ఏడాది కోసం, డండీ ఊళ్లో తన సెయింట్ పీటర్స్ సంఘానికి ఈ పట్టిక ఇస్తూ దాని లాభాలూ ప్రమాదాలూ రెండూ రాశారు. ఏ భాగం చదవాలో తేల్చుకోవడంలో సమయం వృథా కాదన్నది లాభాల్లో ఒకటి. అలా రాసిన మనిషికి ఆ ఏడాది పూర్తిగా దక్కలేదు. 1843 మార్చి 25న టైఫస్ జ్వరంతో చనిపోయారు. అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఇది తెలిశాక మార్చి 25 గడిలో ఏముందా అని చూశాను. నిర్గమకాండము 36, యోహాను 15, సామెతలు 12, ఎఫెసీయులకు 5. “సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు” అన్న మాట ఉన్నది ఆ ఎఫెసీ ఐదులోనే. ఆయన కావాలని పెట్టింది కాదు, వరుసలో అలా పడింది. అయినా ఏటా ఆ తేదీ వచ్చినప్పుడు కాసేపు ఎక్కువ కూర్చుంటాను. ఆఫీసు బస్సు తప్పిపోయినా సరే అనను గానీ, కూర్చుంటాను.

ఇలా ప్రతి తేదీకీ నాలుగు భాగాలు, నాలుగు వరుసల్లో ఉంటాయి. వాటిలో మొదటి రెండూ కుటుంబానికి, చివరి రెండూ ఎవరికి వారు ఏకాంతంగా చదువుకోవడానికి. ఈ విభజన మా ఇంటికి సరిపోయింది. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఎవరు ఏం చదవాలన్న వాదన లేదు. ఆదికాండము పెద్దాడు, మత్తయి చిన్నది, అంతే. అయితే కుటుంబ వరుసలో అన్నీ కుటుంబంతో కలిసి చదివే అధ్యాయాలే అనుకుంటే పొరపాటు. ఫిబ్రవరి మొదటి వారంలో ఆదికాండము 38 వస్తుంది. మామాకోడళ్లయిన యూదా, తామారుల కథ. అత్తయ్య, మామయ్యగార్ల ముందు, ఎనిమిదో తరగతి పిల్లవాడి చేత గట్టిగా చదివించి చూడండి, తెలుస్తుంది. న్యాయాధిపతులు 19 అంతకన్నా కష్టం. అలాంటి రాత్రుల్లో మావారు “ఈరోజు ఇది నేను చదువుతాను” అని బైబిలు తీసుకుని, గొంతు తగ్గించి, పాసెంజరు రైలు ఎక్స్‌ప్రెస్ అయినట్టు చదివేస్తారు.

అసలు ఇబ్బంది వచ్చింది మాత్రం ఒక వేసవిలో, మామయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు. ఆసుపత్రి వేరే ఊళ్లో. మావారూ నేనూ వంతులవారీగా అక్కడే. ఇంట్లో పిల్లలు, అత్తయ్య. గది బయట కుర్చీలో కూర్చుని చదవొచ్చు కదా అంటారు. నర్సు పిలుస్తుంది, మందుల చీటీ పట్టుకుని కిందికి, బిల్లు కట్టడానికి ఇంకో కౌంటరుకి, ఫిజియోథెరపీ వాళ్లతో మాట్లాడి మళ్లీ పైకి. రాత్రి పడక దొరికితే నిద్రే. ఇంటికి వచ్చేసరికి ఫ్రిజ్ మీద అంటించిన పట్టికలో టిక్కు లేని గడులు బారులు తీరి ఉన్నాయి, సరిగ్గా లేవీయకాండంలో.

వెనకబడిందంతా పూర్తి చేద్దామని రాత్రికి ఐదారు అధ్యాయాలు మొదలెట్టాం. పెద్దాడు చర్మవ్యాధులూ మచ్చలూ ఉండే పదమూడో అధ్యాయాన్ని ఊపిరి తీయకుండా చదివాడు. చిన్నది కీర్తన సగంలో గోడకి జారగిలబడి నిద్రపోయింది. కాలు దిండు మీద పెట్టుకుని మంచం మీద నుంచి వింటున్న మామయ్యగారు ప్రార్థన అయ్యాక, “ఒరేయ్, ఒక్క ముక్క అర్థం కాలేదురా. ఎవరు తరుముతున్నారు మిమ్మల్ని?” అన్నారు. మర్నాడు పొద్దున చూస్తే మావారు ఎర్ర పెన్నుతో ఆ గడులన్నింటి మీదా ఒకే గీత కొట్టి, పక్కన “మొండి బాకీ, రద్దు” అని రాసి, పొట్టి సంతకం పెట్టి ఉన్నారు. ఆయన సహకార బ్యాంకులో గుమాస్తా. ఆ రాత్రి ఆ తేదీ గడిలో ఉన్నవే చదివాం. గీత కొట్టిన అధ్యాయాలు ఆ ఏడాది మేము చదవనే లేదు.

ఇక్కడే పట్టిక మీద నాకు కాస్త కోపం. మెక్‌చెయిన్ గారు ప్రమాదాల్లో ఇవన్నీ చెప్పారు: చదవడం ఆచారంగా మారిపోవడం, చదివేశాం కదా అని స్వనీతి పెరగడం, అజాగ్రత్తగా పేజీలు తిప్పేయడం, కొందరికి ఇది మోయలేని కాడి అయిపోవడం. అన్నీ తెలిసిన మనిషి, ఏడాది మొత్తానికి ఒక్క ఖాళీ గడి పెట్టలేదు. ఆదివారం లేదు, క్రిస్మస్ లేదు. 119వ కీర్తనని ముక్కలు చేశారు, లూకా మొదటి అధ్యాయాన్ని రెండు రోజులకి పంచారు, కనికరం లేదని అనలేను. కానీ జబ్బు, పెళ్లి, పరీక్షలు, ప్రయాణం లేని ఇల్లు ఎక్కడుంటుంది? నెలకి నాలుగు గడులు వదిలి ఉంటే ఎర్ర పెన్నుతో పని ఉండేది కాదు.

ఒక విచిత్రం చెప్పాలి. డిసెంబరు 31న కుటుంబ వరుసలో చివరిది దినవృత్తాంతములు రెండవ గ్రంథము 36. వాచ్ నైట్‌కి, అంటే ఏడాది చివరి రాత్రి చర్చిలో జరిగే ఆరాధనకి, బయల్దేరే హడావిడిలో చదివాం. యెరూషలేము కాలిపోయి, జనం చెరలోకి పోయి, దేశం తనకి రావలసిన విశ్రాంతి దినాలన్నీ డెబ్బై ఏళ్లపాటు అనుభవించిందని అందులో ఉంది. సెలవు ఇవ్వని పట్టికలో చివరి రోజు ఈ మాట రావడం చూసి నవ్వొచ్చింది. అధ్యాయం ముగిసేది పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చి పడుకుని, కొత్త సంవత్సరం పొద్దున నా ఏకాంత వరుస తీస్తే ఎజ్రా 1. మళ్లీ అదే కోరెషు, అవే మాటలు, రాత్రి వదిలిన చోటే మొదలు. పాత ఏడాదికీ కొత్త ఏడాదికీ మధ్య అతుకు కనిపించలేదు. మొదటి ఏడాది నవంబరులో వంశావళుల దగ్గరే మా బండి ఆగిపోయింది కాబట్టి ఇది తర్వాతి ఏడాది గానీ తెలియలేదు.

పైన ఎంచుకునే పని తప్పిందని అంత మెచ్చుకున్నాను కదా, దానికీ ఒక ఖర్చుంది. ఆగాలనిపించిన చోట ఆగనివ్వదు. రోమా ఎనిమిదో అధ్యాయానికి ఒక్క రోజు, మర్నాడు తొమ్మిది. యోబుతో ఇంకో వారం ఉండాలనిపించినా తేదీ ముందుకి లాగుతుంది. అందుకే ఇప్పుడు ఏకాంత వరుసలు రెండింట్లో ఒకటే చదువుతున్నాను, రెండోది వచ్చే ఏడాదికి. మిగిలిన పావుగంట చదివిన దాని మీదే కూర్చుంటాను. కొన్ని రోజులు మాత్రం, నిజం చెప్పాలంటే, ఆ పావుగంట ఇడ్లీ పిండికే పోతుంది.

హైదరాబాద్‌లో ఉండే మా చెల్లి కూడా ఇదే పట్టిక చదువుతుంది. ఫోనులో “ఈరోజు సామెత చూశావా, నీ గురించే” అనుకోవడానికి బాగుంటుంది.

కొనసాగిస్తామా అంటే, మాకు కుదిరింది, కొనసాగిస్తాం. మా పిల్లలు తెలుగు చదవగలిగే వయసువాళ్లు, ఇంట్లో వినడానికి పెద్దవాళ్లు ఉన్నారు, నాది పగటి ఉద్యోగం. చంటిపిల్ల ఉన్న తల్లికో, నైట్ డ్యూటీలు చేసే నర్సుకో నాలుగు వరుసలూ చదవమని నేను చెప్పను. కుటుంబ వరుసలు రెండూ చాలు, అవీ ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని. ఇంకొకటి, నెట్‌లో దొరికే కాగితంలో అక్షరాలు చీమల్లా ఉంటాయి. జిరాక్స్ షాపులో ఏ3 సైజులో తీయించుకోండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు, దాని మీద పెన్ను పడదు.