ఓజుర్డెక్స్ అప్లికేటర్: సూది కంటే బొత్తామే మెరుగుపడాలి

మా రెటీనా (కంటి వెనక పొర) డాక్టర్ల సమావేశాల్లో, వాపు తగ్గించడానికి కంట్లోకి సూదితో పంపే స్టెరాయిడ్ మందు ఓజుర్డెక్స్ గురించి ఎంతసేపు మాట్లాడుకున్నా చర్చంతా మందు చుట్టూనే తిరుగుతుంది. వాపు ఎంత తగ్గింది, కంటి ఒత్తిడి ఎంత పెరిగింది, మళ్లీ ఎప్పుడు వేయాలి, ఇవే మాటలు. ఆ మందును కంట్లోకి చేర్చే చేతిపరికరం, అంటే అప్లికేటర్, ఊసు పెద్దగా రాదు. ఏళ్ల తరబడి దాన్ని వాడుతున్నాను కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. ఇది నమ్మదగిన పరికరం. అందరూ సూది లావుగా ఉందని ఫిర్యాదు చేస్తారు గానీ, నిజంగా మెరుగుపడాల్సింది బొత్తాం.

లోపల ఉండేది 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ నింపిన చిన్న కడ్డీ. బియ్యపు గింజంత పొడవు, అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం. రెటీనా సిర మూసుకుపోయినప్పుడు వచ్చే మాక్యులా (రెటీనా మధ్యభాగం) వాపుకు అమెరికాలో 2009లో, మధుమేహం వల్ల వచ్చే వాపుకు 2014లో అనుమతి వచ్చింది. కడ్డీలోని పాలిమర్ కంట్లోనే నెమ్మదిగా కరిగి, చివరికి నీరు, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతుంది. మళ్లీ బయటికి తీసే పని లేదు. 1990ల్లో వచ్చిన విట్రాసెర్ట్ అనే కంటిలోపలి మందును కంటిని కోసి, కుట్టు వేసి బిగించాల్సి వచ్చేది. ఇప్పుడు కోత, కుట్టు లేకుండా పని పూర్తవుతోందంటే ఆ ఘనతలో ఈ పరికరానికీ వాటా ఉంది.

సూది 22 గేజ్, అంటే బయటి మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. కంట్లో మామూలుగా వేసే ఇంజెక్షన్లకు వాడే 30 గేజ్ సూది 0.3 మాత్రమే. ఆ ఇంజెక్షన్లకు అలవాటుపడిన వారికి తేడా వెంటనే తెలుస్తుంది. ‘ఈసారి గట్టిగా నొక్కినట్టుంది డాక్టరుగారూ’ అంటారు. దీనికి తయారీదారులను తప్పుపట్టలేను. నెలల తరబడి పనిచేయాల్సిన మందుకు అంత కడ్డీ కావాలి, ఆ కడ్డీ పట్టే గొట్టమూ కావాలి. అంత రంధ్రం పడుతుంది కాబట్టే నేరుగా గుచ్చం. నల్లగుడ్డు అంచు నుంచి 3.5 నుంచి 4 మిల్లీమీటర్ల దూరంలో కాలిపర్‌తో గుర్తు పెట్టి, సూది మొన కోత పైకి ఉండేలా పట్టుకుని, తెల్లగుడ్డు పొరలో ఒక మిల్లీమీటరు మేర అంచుకు సమాంతరంగా పోనిచ్చి, ఆ తర్వాత కంటి మధ్యకు తిప్పుతాం. సూది తీశాక ఆ దారి దానంతటదే మూసుకుంటుంది.

ఎంత లోతుకు వెళ్లాలో సూది చుట్టూ ఉన్న సిలికాన్ తొడుగే చెబుతుంది. అది కంటి పైపొరకు ఆనిందంటే ఆగాలి. చక్కటి ఆలోచన. కానీ 2018లో ఆ తొడుగు నుంచే సుమారు 300 మైక్రాన్ల సిలికాన్ రేణువు ఊడి, మందుతో పాటు కంట్లోకి వెళ్లే అవకాశం ఉందని తేలి, యూరప్‌లో కొన్ని బ్యాచ్‌లను వెనక్కి తీసుకున్నారు. కంటికి వాడే పరికరంలో మందుకు సంబంధం లేని ముక్కను కూడా మందంత జాగ్రత్తగా పరీక్షించాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక బొత్తాం. రక్షణ పట్టీని మెలితిప్పకుండా తిన్నగా లాగేస్తే పరికరం సిద్ధం. బొత్తాం నొక్కుతూ పోతే చివర ‘టిక్’మని వినిపిస్తుంది. ఆ శబ్దం నాకెంతో ఇష్టం. కళ్లు సూది మీద ఉండగా పని పూర్తయిందని చెవికి తెలియడం గొప్ప సదుపాయం. చిక్కల్లా ఆ శబ్దానికి ముందుంది. సగం నొక్కాక గట్టిదనం పెరిగినట్టు అనిపిస్తుంది, వేలు ఇంకా బలం పెడుతుంది, ఆ బలానికి సూది మొన కంట్లో కొద్దిగా కదులుతుంది. నావి చిన్న చేతులు. బెటాడిన్ తడి తగిలిన గ్లోవు జారుతుంటే ఆ కదలిక మరింత తెలుస్తుంది. అందుకే చిటికెన వేలిని రోగి చెంప ఎముకపై ఆనించి, నెమ్మదిగా, ఒకే వేగంతో నొక్కుతాను. గబుక్కున నొక్కితే కడ్డీ దూకుడుగా వెళ్తుంది. గతంలో విట్రెక్టమీ (కంటిలోపలి జెల్లీని తీసేసే ఆపరేషన్) జరిగిన కంట్లో జెల్లీ ఉండదు కాబట్టి దాన్ని ఆపేదీ ఉండదు. తక్కువ బలంతో, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా కదిలే బొత్తాం ఇస్తే జూనియర్ డాక్టర్లకు నేర్పడం సగం తేలికవుతుంది.

ఇలాగే కంట్లో పెట్టే మరో స్టెరాయిడ్ మందు ఇల్యూవియెన్ పరికరంలో బొత్తాం ముందుకు జరుగుతుంది, సూది 25 గేజ్. ఆ కదలిక చేతికి సహజంగా అనిపిస్తుంది. అయితే మందు నింపిన దాని చిన్న గొట్టం కంట్లో కరగదు, మందు మూడేళ్ల వరకు వస్తుంది. అంతకాలం స్టెరాయిడ్ అందరికీ తగదు.

నిల్వ గురించి ఒక మాట. 15 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమని పెట్టెపైనే ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో అది కుదరదు. పరికరాన్ని రోగి చేతికిచ్చి బస్సులో తెచ్చుకోమనడం మానాలి.

కంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి, నీటికాసులు బాగా ముదిరినవారికి, లెన్సు వెనక పొర చిరిగినవారికి దీన్ని వేయకూడదు. ఆ చిరుగు గుండా కడ్డీ ముందుకు జారి కార్నియాను (కంటి ముందు పారదర్శక పొరను) దెబ్బతీస్తుంది. వేసిన తర్వాత రెండు నెలల ప్రాంతంలో కంటి ఒత్తిడి తప్పక కొలవాలి, పెరిగేది ఎక్కువగా అప్పుడే. ‘టిక్’ వినిపించినా నేను అక్కడితో వదలను. సూది తీశాక కంటి లోపలి భాగాన్ని చూపించే ఇన్‌డైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్‌తో లోపలికి చూసి, తెల్లటి కడ్డీ కనిపించాకే రోగిని లేవమంటాను.